రెండున్నర అంగుళాలు

2014 మార్చి నాలుగు, మంగళవారం. తెల్లవారకముందే సన్నటి తుంపర మొదలై, రోడ్డును తడిపీ తడపనట్టు చేసి, ఎనిమిదింటికి ఆగిపోయింది. తర్వాత ఎండా రాలేదు, గాలీ వీయలేదు. తోలు పని చేసేవాళ్ళకి ఇలాంటి రోజు గిట్టదు. తడిపిన తోలు ఆరదు, ఆరిన తోలు మళ్ళీ చెమ్మ పీలుస్తుంది, జిగురు అంటుకోనని బెట్టు చేస్తుంది. అయినా పెద్దబ్బాయి రోజూలాగే ఎనిమిదిన్నరకి దుకాణం షట్టరు ఎత్తి, బల్ల తుడిచి, తోలుకి కన్నాలు పొడిచే ఆరెలన్నీ మొన చూసుకుంటూ వరసగా పెట్టి, నూలు దారానికి మైనం పట్టించడం మొదలుపెట్టాడు.

పెద్దబ్బాయి అంటే కుర్రవాడేమీ కాదు. యాభై మూడేళ్ళు. చదవడానికి ఒక కళ్ళజోడు, కుట్టడానికి ఇంకొకటి. ఇంట్లో ముందు పుట్టినందుకు ఆయనకి ఆ పేరు వచ్చింది. చివర పుట్టినందుకు ఆయన చెల్లెలికి చంటి అనే పేరు వచ్చింది. చంటికి నలభై ఆరు, జుట్టు సగం నెరిసింది. వీధిలో పిల్లలు "చంటి ఆంటీ" అని పిలుస్తుంటే కొత్తవాళ్ళు చుట్టూ చూసి, ఈవిడేనా అన్నట్టు నవ్వుకుంటారు. చిన్నప్పుడు పెట్టిన పేర్లతో వచ్చే చిక్కే అది, మనిషి పెరుగుతాడు గానీ పేరు పెరగదు.

దుకాణం కింద, రెండు గదుల ఇల్లు పైన. పైన వాళ్ళ నాన్న, చంటి ఉంటారు. పెద్దబ్బాయీ ఆయన భార్యా రెండు వీధుల అవతల ఉంటారు. సంచుల పట్టీలు, కుక్కల మెడపట్టీలు, మామూలు బెల్టులు చేస్తారు గానీ, ఆ దుకాణానికి పేరు తెచ్చింది మాత్రం ఛాంపియన్ బెల్టులు. ఊళ్ళో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ సంఘం ఒకటి ఉంది. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిపి ఇనప వల చుట్టిన బోనులో ఆడే ఆట. ఏ బరువుకి ఆ బరువు ఒక టైటిలు, ప్రతి టైటిలు పోటీకీ ఒక కొత్త బెల్టు. ఆ బెల్టులు తొమ్మిదేళ్ళుగా ఈ దుకాణంలోనే తయారవుతున్నాయి.

తయారయ్యే పద్ధతి చెప్పాలి. పట్టీ కోసి, అంచులు పలచగా చెక్కి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, గుండ్రంగా చుట్టి, చివరలకి క్లిప్పు పెట్టి బల్ల మీద నిలబెడతారు. అప్పుడు చంటి దానికి అరచేత్తో నూనె పట్టిస్తుంది. మర్నాటి పొద్దుటికి ఆ పట్టీ తనంతట తను దగ్గరికి వచ్చి, ఒక నడుం చుట్టుకొలత దగ్గర ఆగుతుంది. ఆ కొలత ఆ టైటిలు గెలవబోయే మనిషిది. టేపు పెట్టి చూసుకుని, అక్కడే టిచ్‌బటన్లు కొడతారు. పక్క కొట్లో ఇత్తడి రేకుల మీద పేర్లు చెక్కే అక్షరాలాయన తల లోపలికి పెట్టి, "ఎవరి పేరు?" అని అడిగి, ఆ ఒక్క పేరే చెక్కి తెస్తాడు. వేరే ఊళ్ళలో ఇద్దరి పేర్లూ చెక్కించి ఒకటి పారేస్తారట, ఇక్కడ ఆ వృథా లేదు.

మొదటిసారి మాత్రం తోలు చెడిందనుకున్నారు. ముప్పై ఎనిమిది అంగుళాలు పెట్టిన పట్టీ పొద్దుటికి ముప్పై నాలుగయింది. పెద్దబ్బాయి విసుక్కుని కొత్తది కోశాడు. అదీ ముప్పై నాలుగే. గెలిచినవాడి నడుం చూస్తే ముప్పై నాలుగు. తర్వాత ఒకసారి వాళ్ళ నాన్న, పెద్దాయన, కొడుకు చేత నూనె పట్టించి చూశాడు. పట్టీ ఎంత పెట్టారో అంతే ఉంది. "అయితే చంటి చెయ్యే," అన్నాడు పెద్దాయన, అంతటితో ఆ సంగతి తేలిపోయింది. పందేలు కాసేవాళ్ళు కొన్నాళ్ళు చుట్టూ తిరిగారు. పెద్దాయన వాళ్ళతో మాట్లాడినంతసేపూ తోలు కోసే కత్తి సాన పెట్టుకుంటూ ఉండేవాడు. రావడం మానేశారు.

ఇరవై రెండు బెల్టులు. ఒక్కటీ తప్పలేదు.

పెద్దబ్బాయి కడుపులో మంట అక్కడే ఉంది. ఆయనకి ఆ ఆటంటే ప్రాణం. ఎవరు ఏ కాలు ముందు పెడతారు, మూడో రౌండులో ఎవరు నోటితో ఊపిరి తీస్తారు, ఎవరి మోకాలికి పాత దెబ్బ ఉంది, అన్నీ ఆయనకి తెలుసు. ప్రతి టైటిలు పోటీకీ పది రోజులు ముందునించీ ఇద్దరి పాత పోటీలూ వేసుకుని చూసి, ఎవరు గెలుస్తారో, ఎందుకు గెలుస్తారో ఒక పుస్తకంలో రాసుకునేవాడు. ఇరవై రెంటిలో పదిహేడు సరిగ్గా చెప్పాడు. ఆట తెలిసినవాళ్ళని అడిగితే, అది చాలా పెద్ద మాటంటారు. ఎవరూ అడగలేదు. చంటికి మెడపట్టుకీ చేతిపట్టుకీ తేడా తెలియదు. టీవీలో పోటీ పెడితే రెండో నిమిషానికి కునుకు తీస్తుంది. అయినా ఇరవై రెంటికి ఇరవై రెండు.

"మీ చెల్లెలు ఒక్కటీ చూడదు, అన్నీ చెప్తుంది," అనేది ఆయన భార్య, కంచం ముందు కూర్చుని ఫోనులో పోటీ చూస్తున్న మొగుణ్ణి చూసి. "మీరు అన్నీ చూస్తారు. తినేటప్పుడైనా ఆ పరాయి మనుషుల పక్కటెముకలు పక్కన పెట్టండి."

ఆ మాట విన్న రోజు ఆయనకి రెండో ముద్ద దిగేది కాదు. అసూయ పెద్ద పెద్ద విషయాల దగ్గర పుడుతుందనుకుంటాం గానీ, అది బతికేది చిన్నవాటి మీద. చంటి కూనిరాగం, చంటి గ్లాసు బల్ల మీద వదిలిన తడి మచ్చ, మెట్ల మీద చంటి చెప్పుల చప్పుడు వినగానే నాన్న తల అటు తిరగడం, ఇవన్నీ ఆయన లెక్కలో పడేవి. తన చెప్పుల చప్పుడుకి ఆ తల తిరిగేది కాదు.

పెద్దాయనకి ఎనభై ఒకటి. చూపు పోయి నాలుగేళ్ళయింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, తయారైన ప్రతి వస్తువూ వేళ్ళతో తడిమి "ఊఁ" అంటాడు. కొడుకు అంగుళానికి ఎనిమిది కుట్లు వేస్తాడు, ముప్పై ఐదేళ్ళుగా వేస్తున్నాడు, ఒక్కటి వంకర పోదు. దానికీ "ఊఁ" అనే. బాగుంది అన్న మాట ఆ నోటినించి ఒక్కసారి వినాలని కొడుకు ఎదురుచూస్తూనే ముసలివాడవుతున్నాడు.

ఆ మంగళవారం పదింటికి సంఘం సెక్రెటరీ స్కూటరు దిగి లోపలికి వచ్చాడు. ఆయన ముక్కు కాస్త ఎడమకి తిరిగి ఉంటుంది, రిఫరీగా ఉన్న రోజుల్లో ఇద్దరి మధ్యకి వెళ్ళి సంపాదించుకున్న వంకర.

"యాభై ఏడు కిలోల ఆడవాళ్ళ టైటిలు," అని చీటీ బల్ల మీద పెట్టాడు. "ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ఇద్దరి కొలతలూ అందులో ఉన్నాయి."

ఆ ఊళ్ళో పోటీలతో ఎవరికీ బతుకు గడవదు, అందరికీ వేరే ఉద్యోగాలుంటాయి. టైటిలు చేతిలో ఉన్నావిడ ఆసుపత్రిలో నర్సు. ముప్పై నాలుగేళ్ళు, పొడుగ్గా ఉంటుంది, నడుం ఇరవై ఎనిమిది. పోటీకి వచ్చింది లిఫ్టులు బాగుచేసే అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళు, పొట్టిగా, గట్టిగా ఉంటుంది, నడుం ముప్పైన్నర.

"నర్సమ్మ టైటిలు నిలబెట్టుకోవడం ఇది మూడోసారి కదూ?" అన్నాడు పెద్దబ్బాయి.

"మూడోసారే. ఇదీ నిలబెట్టుకుంటే సంఘం జిమ్ములో కోచ్ ఉద్యోగం, రూలు ప్రకారం. నైట్ డ్యూటీలు మానేసి పిల్లతో ఇంట్లో పడుకోవచ్చని ఆశపడుతోంది. ఓడిపోతే మళ్ళీ వార్డే." సెక్రెటరీ ముక్కు రుద్దుకున్నాడు. "మీకు తెలిసేది రేపేగా, చెప్పండి."

చంటి నూనె గిన్నె పట్టుకుని వచ్చింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఉంది.

"ఈసారి ఎవరెవరు అన్నయ్యా కొట్టుకునేది?"

"కొట్టుకోవడం కాదే అది. విద్య."

"సరే, కౌగిలించుకునేది ఎవరు?"

సెక్రెటరీ నవ్వాడు. పెద్దబ్బాయి నవ్వలేదు. నర్సు ఎంత గొప్పదో చెప్పడం మొదలుపెట్టాడు. ఎదుటివాళ్ళ వెనక్కి చేరి, నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, వేళ్ళు పెనవేసి బిగిస్తుందట. ఏడుగురికి వేసింది ఆ పట్టు, ఒక్కరూ విడిపించుకోలేదు. అక్కణ్ణించి ఎత్తి పడేయడమే.

"ఊఁ, ఊఁ," అంది చంటి. అది అన్నకా, ఫోనులో స్నేహితురాలికా తెలియలేదు. "మా కుళాయీ అంతేనే, మూడో రోజు," అంటూనే ముందే నానబెట్టి చుట్టి ఉంచిన పట్టీకి నూనె పట్టించింది, అదే చేత్తో చెంప గోక్కుంది, వెళ్ళిపోయింది.

సెక్రెటరీ వెళ్ళాక పెద్దాయన కిటికీ దగ్గరనించి, తలుపు వెయ్యమన్నంత మామూలుగా అన్నాడు:

"సోమవారం లాయరుని రమ్మన్నాను."

"ఎందుకు నాన్నా?"

"దుకాణం రాయడానికి. తోలు ఎవరి మాట వింటుందో వాళ్ళ పేరున రాస్తాను."

పెద్దబ్బాయి చేతిలో ఆరె ఆగింది. "నా కుట్టు వింటుంది నాన్నా తోలు. ముప్పై ఐదేళ్ళుగా."

"కుట్టించుకోవడం వేరురా, వినడం వేరు."

"నాకెందుకు నాన్నా దుకాణం," అంది మెట్ల మీదనించి చంటి. "అన్నయ్య చూసుకుంటున్నాడుగా. నాకు ఆ వాసనే పడదు."

పెద్దబ్బాయికి ఒళ్ళు మండిపోయింది. ఆమె తనకే కావాలని దెబ్బలాడి ఉంటే ఆయనకి ఇంత బాధ ఉండేది కాదు. తనకి కావలసినవన్నీ ఆమెకి దొరుకుతున్నాయి, ఆమెకి వాటిలో ఒక్కటీ అక్కర్లేదు.

బుధవారం పొద్దున ఆయన మామూలుకంటే ముందే వచ్చి పట్టీకి టేపు పెట్టాడు. ఇరవై ఎనిమిది. నర్సు.

తన పుస్తకంలోనూ నర్సే ఉంది. వారం రోజులు చూసి, మూడు పేజీలు రాసి, అదే తేల్చాడు. తోలు తనతో ఏకీభవించినందుకు సంతోషించాలి, న్యాయంగా. కానీ ఆయనకి కనిపించింది వేరే. ఆదివారం నర్సు గెలుస్తుంది, అందరూ చంటి చెయ్యి అంటారు, సోమవారం లాయరు వస్తాడు. తన పద్దెనిమిదో గెలుపు ఆమె ఇరవై మూడో గెలుపు కింద పడి నలిగిపోతుంది. తను తప్పినప్పుడు ఒంటరిగా తప్పుతున్నాడు, నెగ్గినప్పుడు మాత్రం ఆమె తోడు వస్తోంది.

పట్టీ మీద గుడ్డ కప్పాడు. చంటి దిగి వచ్చి అడిగితే, "నిన్నటి తుంపరకి ఇంకా ఆరలేదు, మధ్యాహ్నం చూద్దాం," అన్నాడు.

మధ్యాహ్నం పెద్దాయన కుర్చీలోనే కునుకు తీశాడు. చంటి తిండికి పైకి వెళ్ళింది. పెద్దబ్బాయి గోరువెచ్చటి నీళ్ళు పెట్టాడు. తోలు సాగదీయడం లాగుడు పని కాదు. లాగితే అంచు పలచబడుతుంది, మధ్యలో ముడతలు పడతాయి, ఎవరికైనా తెలిసిపోతుంది. లోపలివైపు మాత్రమే తడిపి, గుండ్రటి కర్ర మీద వేసి, రెండు బొటనవేళ్ళతో కాస్త కాస్తగా నొక్కుతూ, తోలుకి తెలియకుండా తోలుని ఒప్పించాలి. గంటా పది నిమిషాలు పట్టింది. ఆయన జీవితంలో అంత మంచి పని ఎప్పుడూ చేయలేదు, అంత నిశ్శబ్దంగానూ చేయలేదు.

మనసు ఒకటి రెండుసార్లు అడ్డం తిరిగింది. ఆ నర్సు సంగతేమిటి అంది. దానికి ఆయన దగ్గర జవాబుంది. తోలు ఊరికే చెప్తుంది, అంతే. థర్మామీటరు పగలగొట్టినంత మాత్రాన జ్వరం పోతుందా? నర్సు ఎలాగూ గెలుస్తుంది. గెలిచాక రెండు నిమిషాల్లో టిచ్‌బటన్లు జరిపి కొట్టచ్చు, ఆ సుత్తీ అచ్చూ జేబులో వేసుకుని వెళ్తాడు. తోలు మాట ఒక్కసారి తప్పాలి. అంతకుమించి ఆయన ఎవరి చెడూ కోరలేదు.

మూడింటికి అందరి ముందూ గుడ్డ తీశాడు. చంటి టేపు పెట్టింది.

"ముప్పైన్నర. లిఫ్టు పిల్ల."

"లిఫ్టు పిల్ల పేరా? సరే," అని అక్షరాలాయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

"నేను మాత్రం నర్సు అంటున్నాను," అన్నాడు పెద్దబ్బాయి.

అక్షరాలాయన ఆగాడు. చంటి టేపు చుట్టడం ఆపింది. నాలుగేళ్ళలో మొదటిసారి పెద్దాయన ముఖం కొడుకు గొంతు వైపు తిరిగింది.

"తోలు తప్పంటావా?"

"ఈసారి తప్పు నాన్నా. ఆ పిల్లకి నేల మీద ఆట రాదు. నర్సు వెనక్కి చేరిందంటే అయిపోయినట్టే. రాసి పెట్టుకున్నాను."

పెద్దాయన తల ఊపాడు. "సరే. ఆదివారం తోలు తప్పితే, సోమవారం దుకాణం నీ పేరున రాస్తాను. తప్పకపోతే చంటిది. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

"అన్నయ్యా, నీ లెక్కే నెగ్గాలని ఉంది నాకు," అంది చంటి, నిజంగానే.

టైము లేదంటూ బెల్టుని నాన్న చేతికి ఇవ్వకుండానే ముగించి సంఘానికి పంపేశాడు. ఆ నాలుగు రోజులూ పెద్దబ్బాయి హుషారుగా ఉన్నాడు. భార్యతో కూడా నవ్వుతూ మాట్లాడాడు. ఆవిడకి అనుమానం వచ్చి, "ఒంట్లో బానే ఉందా?" అని నుదురు పట్టుకుని చూసింది.

ఆదివారం హాలు నిండింది. పెద్దబ్బాయికి బోను పక్కనే, సెక్రెటరీ వెనక కుర్చీ ఇచ్చారు. బెల్టు ముందు బల్ల మీద మఖమలు గుడ్డలో ఉంది, దాని మీద లిఫ్టు పిల్ల పేరున్న రేకు బోర్లా పెట్టి ఉంది. చంటి రాలేదు. ఆవిడ ఎప్పుడూ రాదు.

మొదటి రౌండు పుస్తకంలో రాసినట్టే జరిగింది. నర్సు తొందరపడలేదు. ఎడమ కాలు ముందు పెట్టి, ఆ పిల్ల గుద్దులు భుజాల మీద కాచుకుంటూ, నాలుగో నిమిషంలో వెనక్కి చేరి, నడుం పట్టి, ఎత్తి వేసింది. రెండో రౌండులో రెండుసార్లు వేసింది. లిఫ్టు పిల్ల రెండో రౌండు చివర స్టూలు మీద కూర్చుని నోరు తెరిచి గాలి తాగుతోంది. జడ్జీలు ముగ్గురూ రెండు రౌండ్లూ నర్సుకే ఇచ్చారు.

"నువ్వన్నట్టే ఉందయ్యా," అని సెక్రెటరీ వెనక్కి తిరిగి అన్నాడు. "మీ తోలుకి జలుబు చేసినట్టుంది."

పెద్దబ్బాయి జేబులో టిచ్‌బటన్ల అచ్చు తడుముకున్నాడు. అంత సంతోషం ఆయనకి పెళ్ళినాడు కూడా లేదు.

మూడో రౌండు రెండో నిమిషం. నర్సు మళ్ళీ వెనక్కి చేరింది. రెండు చేతులూ ఆ పిల్ల నడుం చుట్టూ వేసి, వేళ్ళు పెనవేసి బిగించింది. మోకాళ్ళు వంచి ఎత్తబోయింది. పెద్దబ్బాయి లేచి నిలబడ్డాడు, ఎందుకంటే ఆ పట్టు ఎంత సరిగ్గా పడిందో ఆ హాల్లో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. విడిపోవడానికి అందులో సందు లేదు.

అది విడిపోయింది.

జారలేదు. ఆ పిల్ల విడిపించుకోనూ లేదు, ఆమె రెండు చేతులూ ఆ క్షణంలో వలకి ఆనించే ఉన్నాయి. పెనవేసుకున్న వేళ్ళు ఒకదానినించి ఒకటి మెల్లగా వెనక్కి పోయి, రెండు చేతుల మధ్యా ఖాళీ ఏర్పడింది. నెమ్మదిగా, ముడత పడకుండా, తడిసిన తోలు బొటనవేళ్ళ కింద ఒప్పుకున్నట్టు. ఆయన బొటనవేళ్ళకి అది తెలిసింది, కళ్ళకంటే ముందు. ఖాళీ రెండున్నర అంగుళాల దగ్గర ఆగింది. నర్సు తన చేతుల వైపు చూసుకుంది, ఎవరివో చూస్తున్నట్టు. ఆ చూపులోనే లిఫ్టు పిల్ల తిరిగి, మీద పడి, మెడ కింద చెయ్యి దూర్చింది. నర్సు చివరిదాకా ఓర్చుకుని, అప్పుడు అరచేత్తో మూడుసార్లు నేల తట్టింది.

బెల్టు లిఫ్టు పిల్లకి కొలిచి చేసినట్టు సరిపోయింది. రేకు బిగించడానికి అర నిమిషం పట్టింది. హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే సెక్రెటరీ ఆయన భుజం తట్టాడు. "మీ చెల్లెలి చెయ్యే చెయ్యి. మనకెందుకయ్యా లెక్కలు."

మైకు పట్టుకున్నవాడు నర్సుని అడిగాడు, ఏమయిందని. "పట్టు వదిలేశాననుకుంటా," అందావిడ. "అలసిపోయి ఉంటాను. మొన్నంతా డ్యూటీ."

సోమవారం పొద్దున వీధిలో అందరూ చంటికి మొక్కినంత పని చేశారు. అక్షరాలాయన ఇరవై మూడు అంటూ వేళ్ళతో గాల్లో రాశాడు. చంటి మాత్రం అన్న ముఖం చూసి, "పోన్లే అన్నయ్యా, రెండు రౌండ్లు నువ్వు చెప్పినట్టే జరిగాయటగా," అంది. ఆ ఓదార్పు ఆయనకి పుండు మీద సున్నం రాసినట్టు తగిలింది. ఇంత జరిగాక కూడా ఆమె మీద అసూయ ఆగలేదు, ముందుకంటే పెరిగింది. తను చేసిన పనికి కూడా ఆమెకే పేరు వచ్చింది.

పదింటికి లిఫ్టు పిల్ల బెల్టు పట్టుకుని వచ్చింది. గెలిచినవాళ్ళు మర్నాడు వచ్చి టిచ్‌బటన్లు మరోసారి బిగించుకు పోవడం అలవాటు. ఆమె పని బట్టల్లోనే ఉంది, మధ్యలో ఆగిన లిఫ్టు ఒకటి చూసి వస్తానని బెల్టు వదిలి వెళ్ళింది. పెద్దాయన చెయ్యి చాచాడు. కొడుకు ఇచ్చాడు, ఇవ్వక తప్పలేదు.

ముసలాయన వేళ్ళు పైవైపు నడిచాయి, అంచు మీద నడిచాయి, తిరిగి లోపలివైపు వచ్చి ఆగాయి.

"చంటీ, టీ పెట్టమ్మా."

ఆమె పైకి వెళ్ళేదాకా ఆగాడు.

"ఎంత ఉండేదిరా ఇది?"

పెద్దబ్బాయికి అబద్ధం ఆడే ఓపిక లేదు. "ఇరవై ఎనిమిది నాన్నా."

"ఎప్పుడు?"

"బుధవారం మధ్యాహ్నం. నువ్వు పడుకున్నప్పుడు."

పెద్దాయన వేళ్ళు మళ్ళీ ఆ చివరనించి ఈ చివరిదాకా వెళ్ళాయి, ఈసారి నెమ్మదిగా. "రెండున్నర అంగుళాలు. ఒక్క ముడత లేదు. అంచు పలచబడలేదు. ఇది నా చేత కూడా అయ్యేది కాదురా. మా నాన్న చేత కూడా."

ముప్పై ఐదేళ్ళుగా ఎదురుచూసిన మాట. అది వచ్చి, ఎక్కడా నిలవకుండా కిందికి పోయింది. పెద్దబ్బాయి బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, ఆదివారం జరిగింది చెప్పాడు. నడుం పట్టు గురించి చెప్పాడు, ఆ పట్టు ఎందుకు విడిపోదో చెప్పాడు.

"ఎంత విడిపోయాయి ఆవిడ చేతులు?"

చూపులేని మనిషికి వేళ్ళు చూపించి లాభం లేదు. కొడుకు లేచి వెళ్ళి తండ్రి చెయ్యి తీసుకుని, బొటనవేలూ చూపుడువేలూ దూరం జరిపి, సరిగ్గా అంత దగ్గర ఆపాడు. పెద్దాయన ఆ చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. కొలత ఏదన్నా ఆయనకి టేపు అక్కర్లేదు.

"అయితే తోలు చెప్పేది కాదన్నమాట, చేయించేది," అన్నాడు.

"కాదు."

"ఇరవై రెండూనా?"

"అంతే అయ్యుండాలి."

పైనించి చంటి కూనిరాగం వినిపించింది, గ్లాసుల చప్పుడు వినిపించింది. ఇరవై రెండు మంది ఓడినవాళ్ళు. ఫోను మాట్లాడుతూ, చెంప గోక్కుంటూ, కుళాయి గురించి చెప్పుకుంటూ.

"దానికి తెలియకూడదు," అన్నాడు పెద్దాయన. "ఎప్పుడూ. చచ్చిపోతుంది అది."

"చెప్పను."

"దాని చెయ్యి నీక్కూడా వచ్చినట్టుంది ఇప్పుడు. సంతోషమేనా?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. పెద్దాయన తల అటు తిరగబోయి, ఆగింది. తిరగకుండా ఉండడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆ గదిలో ఒక్కడికే తెలుసు.

లాయరు పదకొండింటికి వచ్చాడు. పెద్దాయన చెప్తుంటే రాసుకుని, ఒకచోట కలం ఆపి, "పెద్దబ్బాయి పేరునా? నాకు ఫోనులో వేరేలా చెప్పారు," అన్నాడు.

"మార్చుకున్నాను."

"నాన్నా, తోలు తప్పలేదుగా," అంది చంటి, టీ పళ్ళెం పట్టుకుని. దుకాణం ఆమెకి అక్కర్లేదు. కానీ మాట అంటే మాట. "నువ్వే అన్నావుగా."

"అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను. ఇక తోలు ముట్టుకోకు నువ్వు."

ఆమె అన్న వైపు చూసింది. ఆయన తల వంచుకుని దారానికి మైనం పట్టిస్తున్నాడు. పళ్ళెం బల్ల మీద పెట్టి, టీ ఎవరికీ అందించకుండా పైకి వెళ్ళిపోయింది. అప్పటినించీ అన్నతో అవసరమైనంత వరకే మాట్లాడింది, వదినతో అంత కూడా లేదు. నాన్న చెవిలో అన్నయ్య ఏదో ఊదాడని వీధంతా అనుకుంది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు, ఆయన ఖండించలేదు.

సంఘం బెల్టులు చేయడం ఆపేశామని పెద్దబ్బాయి సెక్రెటరీకి ఆ వారమే చెప్పాడు. ఎవరికైనా సరిపడేలా వరసగా ఆరు బటన్లు కొట్టిన బెల్టులు వేరే ఊరినించి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. పోటీలు చూడడం కూడా పెద్దబ్బాయి మానేశాడు. ఫోను పక్కన పెట్టి తింటున్న మొగుణ్ణి చూసి ఆయన భార్య ఒకటి రెండు రోజులు మురిసిపోయింది, తర్వాత భయపడింది.

పెద్దాయన 2016 జూన్‌లో పోయాడు. కాగితంలో ఉన్నట్టే పంచుకున్నారు. దుకాణం, బల్ల, ఆరెలు, కత్తులు, తోలు నిల్వ పెద్దబ్బాయికి వచ్చాయి. పైన రెండు గదులూ, కుర్చీ, ఇత్తడి నూనె గిన్నె చంటికి వచ్చాయి. ఆమె గిన్నెలో మొక్క పెట్టింది, అది బాగానే బతికింది. తోలు కోసే పాత కత్తి అక్షరాలాయనకి ఇమ్మన్నాడు, ఎందుకో ఎవరికీ తెలియదు, ఆయన తీసుకున్నాడు. లిఫ్టు పిల్ల ఆ టైటిలు మూడుసార్లు నిలబెట్టుకుని సంఘం జిమ్ములో కోచ్ ఉద్యోగంలో చేరింది, మంచి కోచ్ అని పేరు.

నర్సు నైట్ డ్యూటీలోనే ఉంది. ఆమెకి ఏమీ రాలేదు.